టోపీల ఫైలు

సెప్టెంబర్ 2, మంగళవారం. ఉదయం 5.10

షిఫ్టుకి ఇంకా నలభై నిమిషాలుంది. ఈయన అప్పుడే బస్సు డిపోకి వెళ్లిపోయాడు. రాయాలి, లేకపోతే వార్డు తుడుస్తూ పేషెంట్లకి చెప్పేస్తాను.

నిన్న స్నేహ ఫోన్ చేసింది. ఇక్కడ కోవెంట్రీలో అది పనిచేసే స్ట్రోక్ రిహాబ్ సెంటర్‌కి కొత్త బిల్డింగ్ కట్టారు. ఓపెన్ చేయడానికి అక్టోబర్ పదహారున ఇంగ్లండ్ రాజకుటుంబం నుంచి ఒకావిడ వస్తోందట. ఎవరో ఇప్పుడే చెప్పకూడదట, సెక్యూరిటీ అట. ఆవిడ చెయ్యి కలిపే లైనులో ఫిజియోల తరఫున స్నేహని నిలబెడుతున్నారట. చీరాలలో మగ్గం గుంట పక్కన పుట్టిన శాంతకుమారి కూతుర్ని!

నేనడిగిన మొదటి మాట, ఆవిడ టోపీ పెట్టుకొస్తుందా అని. మమ్, యూ అండ్ యువర్ హ్యాట్స్ అని నవ్వింది.

నవ్వనీ. నా ఫైలులో రెండు వందల పన్నెండు బొమ్మలున్నాయి. పదకొండేళ్ల కష్టం. బస్సు సీట్లలో జనం వదిలేసిన పేపర్లు ఈయన తెస్తాడు, మా డాక్టరు క్లినిక్కు, జీపీ సర్జరీలో పాత మ్యాగజైన్లు రిసెప్షన్ అమ్మాయిని అడిగి తెచ్చుకుంటాను. రాణులు, యువరాణులు, కోడళ్లు, మేనకోడళ్లు. ప్రతి బొమ్మ కింద తేదీ, ఊరు, చర్చి అయితే ఎర్ర చుక్క. అంచు ఎందుకు చిన్నదో నాకు తెలుసు, కెమెరాకి మొహం కనబడాలి. గాలికి ఎందుకు లేవదో తెలుసు, వెనక జుట్టు కింద ఎలాస్టిక్ ఉంటుంది. మగాళ్లు చర్చిలో టోపీ తీస్తారు, వీళ్లు తీయరు. ఎందుకు తీయరు? పౌలు చెప్పాడు కాబట్టి!

నా బతుకంతా ఆ మాట మీదే నిలబడింది. ప్రార్థన చేసే స్త్రీ, ప్రవచించే స్త్రీ తల కప్పుకోవాలి అని కొరింథు వాళ్లకి రాశాడు. అంటే కప్పుకుంటే ప్రవచించవచ్చనే కదా అర్థం. మా సహవాసం పెద్ద ఆంజనేయప్రసాద్ గారు (బాప్తిస్మం అయి ముప్పై ఏళ్లయినా పాస్‌పోర్టులో పేరు మార్చుకోలేదు) ఆడవాళ్లు సంఘంలో మౌనంగా ఉండాలన్నది కూడా ఆ పౌలే కదా సిస్టర్ అంటాడు. అదే పౌలు, అదే పత్రిక, మూడు అధ్యాయాల ముందే నాకు లైసెన్స్ ఇచ్చాడు సార్, బండి నడపడానికి డీవీఎల్‌ఏ ఇచ్చినదాని కన్నా గట్టిది అంటాను. అధికార సూచన తల మీద ఉండాలన్నాడు. లోబడడం అనలేదు. అధికారం!

అందుకే నేను చీర మీద నీలం ఫెల్టు టోపీ పెట్టుకుని వాక్యం చెప్తాను, కొప్పులోకి పిన్ను గుచ్చి. చారిటీ షాపులో దొరికిన టోపీ. మా సహవాసంలో కస్తూరక్క అంటుంది, ఏమే శాంతా, పెళ్లి బ్యాండువాడు క్లారినెట్టు మర్చిపోయి వచ్చినట్టున్నావు అని. అననీ.

సెప్టెంబర్ పద్నాలుగు ఆదివారం వాక్యం నాది. టోపీల మీదే చెప్తాను. ఫైలు తీసుకెళ్తాను.

సెప్టెంబర్ 6, శనివారం

స్నేహ భోజనానికొచ్చింది. జుట్టు చూస్తే కడుపు నిండిపోయింది. నల్లగా, భుజాల దాకా, ఒక్క పాయ చెదరదు. స్త్రీకి జుట్టు మహిమ అన్నాడు పౌలు. ఆ మహిమ నా కూతురికి దండిగా ఇచ్చాడు దేవుడు. ముట్టుకోబోతే తప్పించుకుని కిచెన్‌లోకి పోయింది. రెండేళ్లయింది తల తాకనిచ్చి. పెద్దదైపోయింది, సిగ్గు.

పద్నాలుగున రమ్మన్నాను. డ్యూటీ రోటా ఉందంది. ఏడాదిగా ప్రతి ఆదివారం రోటానేనా, నీ మేనేజర్ ఏమన్నా ఫరో చక్రవర్తా అన్నాను. ఈయన కంచంలోంచి తలెత్తి, వదిలెయ్ శాంతా అన్నాడు. నేను వదల్లేదు. చివరికి ఒప్పుకుంది. వెనక వరసలో కూర్చుంటాను, నన్ను పట్టించుకోకు, స్కార్ఫ్ మాత్రం అడగొద్దు, జస్ట్ దిస్ వన్స్, ప్లీజ్ మమ్ అంది.

చూద్దాంలే అన్నాను. చూద్దాంలే అంటే మాట ఇచ్చినట్టు కాదు.

సెప్టెంబర్ 13, శనివారం

నోట్సు పద్దెనిమిది పేజీలు. టోపీకి బదులు పెట్టుకునే ఈకల పిన్నులు, ఫాసినేటర్ల మీద రెండు పేజీలు. తలలో ఈక గుచ్చుకుంటే ముసుగు అవుతుందా, కోడి కూడా భక్తురాలే అప్పుడు. ఇది చెప్తే నవ్వుతారు. నవ్వాక కొట్టాలి.

ఆఖరి మాట: రాజుల కూతుళ్లు కప్పుకుంటున్నారు, రాజాధిరాజు కూతుళ్లకి బరువైందా!

అగ్ని ఉంది నాలో. యిర్మీయా అన్నట్టు, ఎముకల్లో మూసిపెట్టిన అగ్ని.

సెప్టెంబర్ 14, ఆదివారం. సాయంత్రం 7.00

నీ కుడిచెయ్యి నిన్ను పాపంలోకి లాగితే నరికి పారెయ్యమన్నాడు ప్రభువు. నా కుడిచెయ్యి ఇంకా ఉంది.

సెప్టెంబర్ 15, సోమవారం

సిక్ కాల్ చేశాను. పదకొండేళ్లలో ఇది మూడోసారి.

రాస్తాను. రాయకపోతే అబద్ధం అవుతుంది.

హాలులో అరవై మంది ఉన్నారు. కోడి మాటకి నవ్వారు. ఆంజనేయప్రసాద్ గారు కూడా నవ్వాడు. ఫైలు చేతులు మారుతోంది, పిల్లలు బొమ్మలు చూస్తున్నారు. నాకు ఊపొచ్చేసింది. వెనక వరసలో స్నేహ, ఆ చివర కుర్చీలో, కోటు కూడా విప్పకుండా. హాలు మొత్తం మీద తల మీద గుడ్డ లేని ఆడపిల్ల అదొక్కతే. చిన్నపిల్లలు కూడా కప్పుకున్నారు. గుమ్మం దగ్గర స్కార్ఫుల డబ్బా ఉంటుంది, కొత్తవాళ్లు మర్చిపోయి వస్తే తీసుకోవడానికి. ఆ డబ్బా పెట్టించింది నేనే.

ఆఖరి మాట చెప్పాను. రాజుల కూతుళ్లు కప్పుకుంటున్నారు అని. అక్కడ ఆగాలి. ఆగలేదు. నా కడుపున పుట్టినదానికి బరువైంది అన్నాను. అందరూ వెనక్కి తిరిగారు. స్నేహ తల అడ్డంగా ఊపింది, వద్దన్నట్టు, చాలా మెల్లగా. దాన్ని నేను తిరుగుబాటు అనుకున్నాను. దేవుడా, ఆ ఊపుడు తిరుగుబాటు అనుకున్నాను.

మాట్లాడుతూనే నడిచాను. ఏలీ తన కొడుకులకి బుద్ధి చెప్పక పాడైపోయాడు, నేను ఏలీని కాను అంటున్నాను. డబ్బాలోంచి స్కార్ఫు తీశాను. ఆకుపచ్చది. మమ్, ప్లీజ్, ప్లీజ్ అంటోంది. తల మీద వేశాను. జారింది. గట్టిగా ముందుకి లాగాను.

స్కార్ఫుతో పాటు జుట్టు వచ్చేసింది.

నా చేతిలోకి. మొత్తం. లోపల వల లాంటి గుడ్డ, చిన్న చిన్న దువ్వెనలు, టేపు. ఒక క్షణం నాకు అర్థం కాలేదు, ఏదో జంతువుని పట్టుకున్నట్టు చెయ్యి దులిపాను. అది నేల మీద పడింది. నేను దాన్ని దులిపేశాను! అప్పుడు చూశాను స్నేహ తల. అక్కడక్కడ ఎండిన గడ్డిలా నాలుగు వెంట్రుకలు, మిగతాదంతా నున్నగా, తెల్లగా, అది పుట్టిన రోజున చూసిన తల. చెవి పైన టేపు లాగినచోట ఎర్రగా కందింది.

ఎవరో చిన్నపిల్ల ఏడ్చింది. భయంతో.

స్నేహ వంగి జుట్టు తీసుకుంది. దుమ్ము దులిపింది. పెట్టుకోలేదు. హ్యాండ్‌బ్యాగులో పెట్టి, జిప్పు వేసి, బయటికి నడిచింది. పరిగెత్తలేదు. ఈయన కుర్చీలు తోసుకుంటూ దాని వెనకే పోయాడు. నేను స్కార్ఫు పట్టుకుని నిలబడ్డాను. నోట్సులో ముగింపు ప్రార్థన ఇంకో పేజీన్నర ఉంది.

సెప్టెంబర్ 17, బుధవారం

ఇరవై ఆరు సార్లు ఫోన్ చేశాను. పని అయ్యాక దాని ఫ్లాట్‌కి వెళ్లాను. ఫ్లాట్‌మేట్ కిరణ్మయి తలుపు సగం తీసింది. హైదరాబాద్ పిల్ల, మర్యాద తెలిసిన పిల్ల. ఉంది ఆంటీ, అబద్ధం చెప్పను, కానీ రానంటుంది ఆంటీ అంది. ఒక్క నిమిషం చూసి వెళ్తానన్నాను. లోపలికెళ్లి వచ్చింది. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. సారీ ఆంటీ, ఛాయ్ తాగి పోతరా అంది, తలుపు మాత్రం ఇంకా తెరవకుండా.

అలొపేషియా అంటారట. కిరణ్మయే చెప్పింది. ప్రాణానికి ఏం కాదట ఆంటీ. ఒంట్లో రక్షణే ఎదురు తిరిగి సొంత వెంట్రుకల్ని శత్రువులనుకుంటుందట.

మెట్లు దిగుతూ అనుకున్నాను, ఆ జబ్బుకి ఒక తల్లి ఉంటే అది నేనే.

సెప్టెంబర్ 21, ఆదివారం

టోపీ పెట్టుకోలేదు. పైట కప్పుకుని వెనక కూర్చున్నాను.

నేను వరసల మధ్య నుంచి నడుస్తుంటే ఆడపిల్లలు రెండు చేతులతో తల మీద స్కార్ఫు పట్టుకున్నారు. ఒకళ్ల తర్వాత ఒకళ్లు. నేను దాటాక వదిలారు. కావాలని చేసినట్టు లేదు. గాలి వస్తే పట్టుకుంటాం కదా, అలా.

ఆంజనేయప్రసాద్ గారు బయట పక్కకి పిలిచాడు. కొంతకాలం విశ్రాంతి తీసుకోండి సిస్టర్, మోషే అంతటివాడికే నలభై ఏళ్లు అరణ్యం తప్పలేదు అన్నాడు. కస్తూరక్క మధ్యలో దూరింది. మోషే మనిషిని చంపి పారిపోయాడు అన్నయ్యా, మీ పోలిక ఎటు పోతుందో చూసుకోండి అంది. తర్వాత నా వైపు తిరిగి, నిన్ను వెనకేసుకొస్తున్నాననుకోకు, నేను దాని తల్లినైతే నీ చెయ్యి విరగ్గొట్టేదాన్ని అంది. దాని తల్లిని నేనే కదక్కా అన్నాను. అదే నా బాధ అంది.

సెప్టెంబర్ 24, బుధవారం. ఉదయం 4.30

ప్రార్థన తప్ప నాకు ఇంకేం వచ్చు? పక్షవాతం వాణ్ణి నలుగురు మోసుకొచ్చి ఇంటి కప్పు విప్పి దింపారు. ఆ నలుగురి విశ్వాసం చూసి బాగుచేశాడు ప్రభువు. నా కూతురికి నలుగురు కావాలి. నలభై మంది కావాలి.

మా తెలుగు ప్రార్థన గ్రూపులో విన్నపం పెట్టాను. కోవెంట్రీ, వాట్‌ఫర్డ్, గ్లాస్గో, ఇంకా చీరాల, ఒంగోలు వాళ్లు కూడా ఉన్నారు అందులో. నా కుమార్తె స్నేహలత, ఇరవై ఆరేళ్లు, అలొపేషియా, తల వెంట్రుకలన్నీ పోయాయి, దయచేసి భారంతో ప్రార్థించండి అని. ఫొటో కూడా పెట్టాను. కాలేజీ రోజులది, రెండు జడలతో ఉన్నది.

షిఫ్టుకి వెళ్లే లోపే తొంభై ఆమెన్‌లు. గుండె కాస్త తేలికైంది.

సెప్టెంబర్ 26, శుక్రవారం

స్నేహ మెసేజ్ పెట్టింది. పన్నెండు రోజుల తర్వాత దాని మాట.

చీరాలలో ఎవరో పిన్ని వరసావిడ దానికి వాయిస్ నోట్ పంపిందట, ఉల్లిపాయ రసం రాయమని. గ్లాస్గోలో ఎవరో ముక్కూ మొహం తెలియని అంకుల్, పాపం ఒప్పుకుంటే వెంట్రుకలు వస్తాయని రాశాడట. మొదటిది కోపంలో చేశావు, క్షమించే దారి వెతుకుతున్నాను, రెండోది తీరిగ్గా కూర్చుని టైపు చేశావు మమ్ అని రాసింది. నా తల నీ సొంతం అనుకుంటున్నావు, పంచి పెట్టడానికి అని రాసింది. ఇక ఫోన్ చేయొద్దని రాసింది.

ఇంగ్లీషులోనే రాసింది అంతా. ఆఖరి రెండు ముక్కలు మాత్రం తెలుగు, ఇంగ్లీషు అక్షరాల్లో. చాలు అమ్మా.

గ్రూపులో విన్నపం తీసేశాను. తీసేస్తే ఏమైంది? ఈక ఎగిరిపోయాక దిండు కుట్టినట్టుంది.

అక్టోబర్ 1, బుధవారం

ఉపవాసం. మూడో రోజు.

అక్టోబర్ 3, శుక్రవారం

వార్డులో తూలి బకెట్ మీద పడ్డాను. నర్సు బలవంతంగా టోస్ట్ తినిపించింది. దేవుడు మాట్లాడలేదు. టోస్ట్ బాగుంది. సిగ్గేసింది.

అక్టోబర్ 8, బుధవారం. ఉదయం 4.50

పౌలు గారూ, మీతో తేల్చుకోవాలి.

ముప్పై ఏళ్లుగా మీ మాట మోశాను. బైబిలు కాలేజీ లేదు నాకు, మగ్గం దగ్గర కూర్చుని అక్షరం అక్షరం కూడబలుక్కుని మిమ్మల్ని నేర్చుకున్నాను. జుట్టు స్త్రీకి మహిమ అన్నారు. లేనిదానికి? ఆ మాట రాసేటప్పుడు ఎదురుగా జుట్టు లేని ఆడపిల్ల ఒక్కతైనా కూర్చుని లేదా? కొరింథులో జబ్బులు లేవా? కప్పుకోకపోతే కత్తిరించెయ్యండి అన్నారు, అది అవమానం అన్నారు. నా కూతురికి కత్తిరించే శ్రమ కూడా లేకుండా చేశాడు మీ దేవుడు. ఇప్పుడది అవమానమా? ఎవరికి?

మీరు జవాబు చెప్పరు. నేనూ ఎవర్నీ జవాబు చెప్పనివ్వను కదా. వాక్యం చెప్పేవాళ్లం, ఇద్దరం ఒకే జాతి.

ఫైలు తీసి చూశాను. ఇన్నేళ్లూ తలలు చూశాను. ఒక్క మొహం గుర్తు లేదు. ఏ టోపీ కింద ఎవరున్నారో రాయనేలేదు, తేదీ, ఊరు, ఎర్ర చుక్క, అంతే. యోబు బూడిదలో కూర్చున్నాడు. నేను కార్పెట్ మీద.

అక్టోబర్ 10, శుక్రవారం

ఈయన చెప్పాడు. విజయభాస్కర్ గారు. ఇరవై తొమ్మిదేళ్ల కాపురంలో ఇంత పొడుగు మాట మాట్లాడింది ఇదే మొదటిసారి.

స్నేహ జుట్టు సంగతి ఆయనకి ఏడాదిన్నరగా తెలుసట. ఆ విగ్గు కొనడానికి బర్మింగ్‌హామ్ తోడు వెళ్లింది ఆయనేనట. ఆయన బస్సు రూటు దాని సెంటర్ ముందు నుంచే, బ్రేక్‌లో ఇద్దరూ శాండ్‌విచ్ తింటారట, వారానికి రెండు సార్లు, ఇప్పటికీ.

నాకెందుకు చెప్పలేదు అని అరిచాను. గిన్నె విసిరాను, గోడకి తగిలింది. ఆయన గిన్నె తీసి సింకులో పెట్టాడు. స్నేహ వద్దందట. మమ్మీకి చెప్తే ఆదివారానికి వాక్యం అయిపోతుంది డాడీ అందట. నేనే చెప్దామనుకున్నా శాంతా, కానీ అది అన్నది అబద్ధం అని దానికి చెప్పడానికి నాకు నోరు రాలేదు అన్నాడు.

నాకూ రాలేదు. దాని మొదటి నెలసరి నేను సాక్ష్యంలో చెప్పాను. దాని డ్రైవింగ్ టెస్ట్ ఫెయిలవడం చెప్పాను. ఎవరో అబ్బాయి దాన్ని వద్దన్నది చెప్పాను, పేరు లేకుండా, కానీ అందరికీ తెలిసేలా. అన్నిటికీ ఆమెన్‌లు వచ్చాయి.

అక్టోబర్ 15, బుధవారం

రేపు సెంటర్ ఓపెనింగ్‌కి వెళ్తాను. వద్దంటున్నాడు ఈయన. బారికేడ్ బయట నిలబడే హక్కు కోవెంట్రీలో ఎవరికైనా ఉంది.

అక్టోబర్ 16, గురువారం. మధ్యాహ్నం 3.40

నీలం టోపీ పెట్టుకున్నాను. స్నేహ చూస్తే నేనని తెలియాలని. అది కాదు. నిజం రాస్తాను: రాజవంశం ఆవిడ ముందు టోపీ లేకుండా ఎలా అని కూడా.

ఎనిమిదిన్నరకే వెళ్లాను. అప్పటికే స్కూలు పిల్లలు జెండాలతో ఉన్నారు. గాలి, సన్న తుంపర. పక్కన ఒక ముసలి ఇంగ్లీషావిడ మడత కుర్చీ, ఫ్లాస్కు తెచ్చుకుంది. ఎన్నో విజిట్ ఇది నీకు లవ్ అని అడిగింది. మొదటిది అన్నాను. బొమ్మల్లో రెండు వందల పన్నెండు అన్నాను. ఓ, నువ్వు మాలో ఒకదానివే అంది, సంతోషంగా టీ పోసిచ్చింది.

పదకొండుకి లైను నిలబెట్టారు, కొత్త తలుపుల ముందు. డాక్టర్లు, ఒక పేషెంట్ వీల్‌చైర్‌లో, నర్సు, తర్వాత స్నేహ.

జుట్టు లేదు. విగ్గు లేదు, స్కార్ఫు లేదు, ఏమీ లేదు. మిగిలిన ఆ నాలుగు పోచలూ తీసేసింది. నీలం యూనిఫాం, నిటారుగా నిలబడింది, తుంపర నేరుగా తల మీద పడుతోంది. కళ్లార్పకుండా చూశాను. పక్కావిడ, బ్రేవ్ గర్ల్ అంది. నా కూతురు అనబోయాను. అనలేదు. అడగకుండా ఎవరికీ ఇవ్వకూడదని అప్పటికి ఒక్కటే నేర్చుకున్నాను.

కార్లు వచ్చాయి. ఆవిడ దిగింది. ముదురు ఎరుపు టోపీ.

ఇక్కడే. ఇక్కడే నేను పోయాను. చిన్న అంచు, కుడివైపు కనుబొమ్మ దాకా వాలి, ఎడమ పక్క పైకి లేచి, వెనక సన్నగీతల గ్రోగ్రెయిన్ రిబ్బన్ చదునుగా, గాలికి ఈకంత కదల్లేదు. ఎలాస్టిక్కా, పిన్నా? జుట్టు కిందికి చూడాలి. మునివేళ్ల మీద లేచాను. ఆవిడ లైను వెంట వస్తోంది. స్నేహ ముందు ఆగింది, ఆగినట్టు తెలుసు, టోపీ ఆగింది కాబట్టి. తర్వాత ఆవిడ నా వైపు తిరిగింది. నేరుగా. టోపీ ముందుభాగం మొత్తం కనబడింది. ఎంత సంతోషించానో! పిన్ను! ఎడమ కణత పైన, ముత్యం తలతో. చూశాను!

టోపీ లోపలికి వెళ్లిపోయింది. అప్పుడు తెలిసింది, ఆ అయిదు నిమిషాలు నేను నా కూతుర్ని చూడలేదని.

బారికేడ్ పట్టుకుని నిలబడిపోయాను. జనం పల్చబడ్డారు. ముసలావిడ కుర్చీ మడుచుకుని వెళ్లింది. పన్నెండున్నరకి స్నేహ బయటికొచ్చింది, కార్డిగన్ వేసుకుని. నేరుగా నా దగ్గరికే వచ్చింది. ఇనప కంచె మధ్యలో.

చీర మీద టోపీ పెట్టుకున్న మనిషి కోవెంట్రీలో నువ్వొక్కదానివే, మొదటి నిమిషంలోనే చూశాను అంది. ఆవిడకి చెప్పిందట, మీ టోపీ మా అమ్మకి చాలా నచ్చుతుంది అని. మీ అమ్మగారు వచ్చారా అని అడిగిందట ఆవిడ. అదుగో అని చెయ్యెత్తి చూపించిందట. ఇద్దరూ తిరిగి చూశారట. ఆవిడ చెయ్యి కూడా ఊపిందట నాకు.

చెయ్యా! నాకు చెయ్యి కనబడలేదు.

మమ్, నువ్వు నన్ను చూడ్డానికొచ్చావా, టోపీనా అని అడిగింది.

నోట్లో ఎన్ని జవాబులున్నాయో. తప్పిపోయిన కొడుకు కోసం దారి చూసిన తండ్రి ఉన్నాడు. పిల్లల్ని రెక్కల కింద చేర్చుకునే కోడి ఉంది. రాహేలు ఏడుపు ఉంది. అన్నీ నాలుక మీదికి వచ్చి నిలబడ్డాయి.

నిన్ను చూడ్డానికే వచ్చాను, వచ్చాక టోపీ చూశాను, నువ్వు చెయ్యెత్తినప్పుడు దాని పిన్ను వెతుకుతున్నాను అని చెప్పాను.

అది నన్నే చూసింది. తిడుతుందనుకున్నాను. ముక్కులోంచి నవ్వు వచ్చింది దానికి, ఆపుకోలేక. దొరికిందా అంది. దొరికిందన్నాను. ఎక్కడ అంది. ఎడమ కణత మీద అన్నాను. నవ్వుతూనే ఏడ్చింది కాసేపు. నేను కంచె ఇవతల చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను. ముట్టుకోలేదు.

తర్వాత మొహం తుడుచుకుని చెప్పింది. తల ఇలా వదిలెయ్యడం నీ వల్ల వచ్చిన ధైర్యం కాదు, నువ్వు అందరికీ చెప్పేశాక దాచేదేమీ మిగల్లేదు, అంతే. దీన్ని దేవుడి ప్రణాళిక అనకు. అనను అన్నాను. దీని గురించి ఫెలోషిప్‌లో ఒక్క ముక్క చెప్పకు, క్షమాపణగా కూడా, సాక్ష్యంగా కూడా, ప్రార్థనగా కూడా. ఒక్క ముక్క మమ్. సరే అన్నాను. చెప్పలేదని తెలిస్తే ఇంటికి రావచ్చు, రాకపోవచ్చు అంది. ప్రామిస్ చేయనంది.

నేనూ ఒకప్పుడు చూద్దాంలే అన్నదాన్నే.

అక్టోబర్ 19, ఆదివారం. సాయంత్రం 6.15

ఊరంతా తెలిసిపోయింది. ఎవరో స్నేహ చెయ్యి కలుపుతున్న ఫొటో ఫేస్‌బుక్‌లో పెట్టారు. ఎర్ర టోపీ, పక్కన దాని తల. మన గ్రూపులోకి కూడా వచ్చింది. రెండు వందల ఆమెన్‌లు.

హాలు నిండిపోయింది. వాట్‌ఫర్డ్ నుంచి కూడా రెండు కార్లు వచ్చాయి. స్నేహ లేదు, ఈయన ఉన్నాడు, వెనక.

ఆంజనేయప్రసాద్ గారు మైకు పట్టుకుని లేచాడు. సిస్టర్ శాంతకుమారి గారి ఇంట్లో దేవుడు చేసిన గొప్ప కార్యం మన కళ్లతో చూశాం, అవమానాన్ని ఘనతగా మార్చాడు, ఇవాళ వాక్యం సమయమంతా సిస్టర్‌కే ఇస్తున్నాను, గంట కాదు, ఆత్మ నడిపించినంతసేపు అన్నాడు. పన్నెండేళ్లుగా పదిహేను నిమిషాలకి వాచీ చూపించిన మనిషి! మైకు నా చేతికిచ్చాడు. ఆడపిల్లలందరూ నన్నే చూస్తున్నారు, తల పట్టుకోకుండా.

వాక్యం మొత్తం వచ్చేసింది నాకు. అబద్ధం రాయను. నిలబడగానే వచ్చింది, మొదలు, మధ్య, ముగింపు. ఇల్లు కట్టేవాళ్లు వద్దని పారేసిన రాయి మూలరాయి కావడం. ఎర్ర టోపీ, ఖాళీ తల, ఏది కిరీటం అని అడగడం. హాలు ఏడ్చేది. నా జీవితంలో అంత మంచి వాక్యం రాలేదు, ఇక రాదు. పంటి కింద పట్టుకుని నిలబడ్డాను. ఎముకల్లో అగ్ని అంటే ఏంటో ఇవాళ తెలిసింది, చెప్పేటప్పుడు కాదు.

నా దగ్గర చెప్పడానికేమీ లేదండి అన్నాను.

ఆంజనేయప్రసాద్ గారు నవ్వాడు, మైకు పనిచేయట్లేదనుకుని తట్టి చూశాడు. మైకు పనిచేస్తోంది సార్, పనిచేయనిది నేనే అన్నాను. కనీసం చిన్న సాక్ష్యం సిస్టర్, దేవుడి మహిమని దొంగిలించకూడదు అన్నాడు. చివరికి, ఇదిగో ఇందుకే ఆడవాళ్లకి వాక్యం ఇవ్వొద్దన్నది, సమయానికి నోరు రాదు అన్నాడు అందరితో. నవ్వారు.

దానికి జవాబు మూడు రకాలుగా ఉంది నా దగ్గర. మైకు ఇచ్చేసి కూర్చున్నాను.

కస్తూరక్క చెయ్యి పట్టుకుంది. ఏమైందే నీకు, జ్వరమా అని చెవిలో అడిగింది.

అక్టోబర్ 22, బుధవారం

ఏ కబురూ లేదు. ఈయన శాండ్‌విచ్ డబ్బా కడుగుతుంటే చూస్తూ నిలబడ్డాను. ఏమీ అడగలేదు.

అక్టోబర్ 25, శనివారం

స్నేహ వచ్చింది. మూడు గంటలు ఉంది. ఏం మాట్లాడుకున్నామో, ఏం చేశామో ఇక్కడ కూడా రాయను.